అవ్వ పీల్చిన ఊపిరి

దెయ్యాల మాట ఎత్తితే నాకు మొదటి నుంచీ చిరాకే. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సుగా పనిచేస్తున్నాను. మార్చురీ వైపు పోయే వసారాలో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని ఒకసారి మా జూనియర్ పిల్లలు అటు పోమని మొండికేశారు. పోయి చూస్తే అది స్ట్రెచర్ చక్రం. నాలుగు చుక్కల నూనె పోశాను, దెయ్యం వదిలింది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ నూనె సీసా చూపించి వాళ్ళని ఏడిపించేదాన్ని.

కాబట్టి ఇది చదివి నర్సమ్మకు కూడా పిచ్చి పట్టింది అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నేనూ అలా అనుకుని చూశాను. అనుకున్నంతసేపు కొంచెం నెమ్మదిగానే ఉంటుంది. కానీ చూసింది చూసినట్టు చెప్పడం నా ఉద్యోగం. పేషెంటు కన్ను కదిలిందా అంటే కదిలింది అనాలి, లేదంటే లేదనాలి. మధ్యలో మాట ఉండదు. ఈ విషయంలో మాత్రం నాకు ఆ మధ్యలో మాటే మిగిలింది.

మా మామ పేరు ఓబులేసు. మా అమ్మకు తమ్ముడు. అమ్మ పోయాక నాకు పుట్టింటి వైపు మిగిలింది ఆయనా, మా అవ్వా. కళ్యాణదుర్గం నుంచి ఇంకా లోపలికి పోతే వాళ్ళ ఊరు. మామ నాకంటే కొద్దిగానే పెద్ద కావడంతో చిన్నప్పుడు ఊరంతా మా ఇద్దరికీ ముడిపెట్టి ఆటపట్టించేది. నేను నర్సింగులో చేరాక, నర్సును చేసుకుంటే రోజూ సూదులే అని ఆయన, బోరు పనోణ్ణి చేసుకుంటే రోజూ బట్టలకు బురదే అని నేను. చివరికి ఆయన లక్ష్మీదేవి అత్తను చేసుకున్నాడు. ఆమె నాకంటే బాగా బట్టలు ఉతుకుతుందని పెళ్ళిలో అందరి ముందూ చెప్పి నవ్వించాడు.

మామ చేసేది బోర్లలో మోటార్లు ఎత్తే పని. మా వైపు నీళ్ళు అడుగుకు పోయేకొద్దీ మోటారును ఇంకా లోపలికి దించాలి, కాలిపోతే పైకి లాగాలి. మూడు కాళ్ళ గడ నిలబెట్టి, గొలుసు కప్పీతో పైపులు ఒక్కొక్కటే లాగి విప్పుతారు. విత్తనానికి ముందు, వాన కోసం అందరూ మొగులు చూస్తున్న రోజుల్లో, గొలుసు జారి ఇనుప పైపు ఆయన తల మీద పడింది. మా ఆసుపత్రికే తెచ్చారు. ఆపరేషను చేశారు. మామ కళ్ళు తెరవలేదు.

అవ్వకు కాలు విరిగిందని మాత్రమే చెప్పారు. అలా చెప్పమన్నది నేనే. ముసలిప్రాణం, ఒక్కగానొక్క కొడుకు, మెల్లగా చెబుదామనుకున్నాను.

లక్ష్మీదేవి అత్త ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని నన్ను చూసినప్పుడల్లా ఒకటే అడిగేది.

"పాపా, ఊపిరి ఉండంగానే ఇంటికి తీస్కపోదామా?"

ఆ అడగడం వెనక ఒక కథ ఉంది. వాళ్ళ ఊళ్ళో కట్టుబాటు ఏమిటంటే, ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని ఊళ్ళోకి తీసుకురాకూడదు. ఎంతటివాడైనా సరే, పొలిమేర దగ్గరే దించాలి, అట్నుంచి అటే తీసుకుపోవాలి. మా తాత అనంతపురం నుంచి జీపులో వస్తూ దారిలో పోయాడు. పొలిమేరలో రోడ్డు పక్కన టార్పాలిన్ పట్ట కింద ఎండలో పడుకోబెట్టారు. తాను రాళ్ళు మోసి కట్టుకున్న ఇంటిని ఆయనకు చివరిసారి చూపించలేదు. అవ్వ ఆ పట్ట కింద కూర్చుని ఏడవలేదట, ఈగలు తోలుతూ కూర్చుందట. ఆ సంగతి ఆమె ఎప్పుడు చెప్పినా ఈగల గురించే చెప్పేది.

అందుకే అత్తకు మిగతా విషయాలకన్నా ఇది పెద్ద విషయమైంది. మామ బతకడని ఆమెకు లోపల తెలుసు. బతికి ఉండగా గడప దాటించగలమా లేదా అన్నదే ఆమె భయం. నిజానికి ఒకరోజు మామ వేలు చిన్నగా అదిరింది. అత్త ఎగిరి లేచింది. అది వెన్నుపాము చేసే పని, మెదడుతో సంబంధం లేదు అని మా సార్ ఓపికగా చెప్పారు. అత్త తల ఊపింది కానీ వినలేదు.

సార్ అంటే మా ఐసీయూ పెద్ద డాక్టరు. కోపం ఎక్కువ, చేయి మంచిది. ఇంకా వైద్యం కొనసాగించడంలో అర్థం ఉందో లేదో తేలాలంటే పరీక్షలు చేయాలని చెప్పారు. మెదడు పూర్తిగా ఆగిపోయిందా అని చూసే పరీక్షలవి. ఒకసారి చేసి, కొన్ని గంటలు ఆగి, వేరే డాక్టరుతో కలిసి మళ్ళీ అన్నీ మొదటి నుంచి చేస్తారు. చుట్టానివి, నువ్వు ఉండొద్దు అన్నారు సార్. నేనే ఉంటానన్నాను. ఎవరో కొత్త పిల్ల మామ తల పట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మొదటిసారి పొద్దున చేశారు. మామ రెప్పలు ఎత్తి టార్చి వేశారు. మామూలుగా వెలుగు పడితే కంటిపాప చిన్నదవుతుంది. మామ కంటిపాపలు గుండీల్లా అలాగే ఉండిపోయాయి. దూది కొసను సన్నగా నులిమి కనుగుడ్డు మీద తాకించారు. ఎంతటి మొండివాడికైనా రెప్ప పడుతుంది. పడలేదు. కనుబొమ కింద ఎముకను బొటనవేలితో గట్టిగా నొక్కారు. ఆ నొప్పికి మత్తులో ఉన్నవాళ్ళు కూడా మొహం చిట్లిస్తారు. ప్రతిదానికీ సార్ నా వైపు చూసి "ఏమన్నా?" అనేవారు. నేను "లేదు సార్" అనేదాన్ని.

తర్వాత ఐసు నీళ్ళు. సిరంజిలో నింపి ఇచ్చింది నేనే. తల కాస్త పైకి లేపి కుడి చెవిలోకి పోశారు. కిందికి కారే నీళ్ళు నేను ట్రేలో పట్టాను. మెదడు కాండం పనిచేస్తుంటే కళ్ళు ఆ చెవి వైపు తిరుగుతాయి. మెలకువగా ఉన్న మనిషికైతే తల గిర్రున తిరిగి వాంతి అవుతుంది. మామ కళ్ళు పైకప్పునే చూశాయి. కొంచెం ఆగి ఎడమ చెవిలో పోశారు. అప్పుడూ అంతే. గొంతులోని గొట్టంలోంచి సన్నటి పైపు లోపలికి దించి కదిలించారు. దగ్గు రాలేదు.

చివర్లో చేసేది అన్నిటికన్నా కష్టం. చేసేవాళ్ళకు కాదు, చూసేవాళ్ళకు. వెంటిలేటరు తీసేస్తారు. రక్తంలో చెడుగాలి పెరిగేదాకా ఎదురుచూస్తారు. మెదడులో ఏ మూల ప్రాణం ఉన్నా ఆ చెడుగాలికి తట్టుకోలేక రొమ్ము ఎగిరిపడుతుంది, గాలి కోసం కొట్టుకుంటుంది. నేను మామ రొమ్ము మీదే కళ్ళు పెట్టి నిలబడ్డాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పీల్చు మామా అని లోపల తిట్టుకున్నాను కూడా. రొమ్ము బండలా ఉండిపోయింది. సార్ మళ్ళీ వెంటిలేటరు తగిలించి, చేతులు కడుక్కుని బయటికి పోయారు.

నేను బాత్రూంలోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఊళ్ళో అవ్వ పక్కింటి రామక్క. మేమంతా ఆసుపత్రిలో ఉన్నాం కాబట్టి అవ్వను ఆమే కనిపెట్టుకుని ఉంది.

"మ్మే నాగవేణీ, అవ్వకి పొద్దున్నించి ఏందో అయితాండాది. బీపీ ఏమన్నా ఉండాదా ఆమెకి?"

ఏమైందని అడిగాను. రామక్క తాపీగా, దారాల చిక్కు తీసినట్టు ఒక్కొక్కటే చెప్పింది. అవ్వ వాకిట్లో విత్తనం కోసం వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చుని, ఎవరో కంట్లోకి బ్యాటరీ లైటు కొడుతున్నారని కసిరిందట. ఆ వెంటనే కంట్లో నలక పడిందని నలుపుకుందట. రామక్క పైట కొంగుతో ఊది చూసింది, ఏమీ లేదట. నుదురు నొప్పి అని కనుబొమ పట్టుకుందట.

"ఆ పైన కుడి చెవి పట్టుకొని, చల్లటి నీళ్ళు ఎవురు పోసినారే అని అరిచింది పాపా. ఈడ నీళ్ళు యాడుండాయి? తాగేకే ల్యా. తల తిరుగుతాండాది అని ఆడే వాంతి చేసుకునింది. ఒకటే పొడి దగ్గు. ఇంగ ఊపిరి సూడల్ల, పరిగెత్తిన గొడ్డు మాదిరి ఎగపోసింది. ఇబుడు బాగుండాది. బువ్వ తింటాండాది."

నేను గోడకు ఆనుకున్నాను. మొదట నాకు తోచింది ఒకటే. ఎవరో రామక్కకు ఇక్కడ జరిగిందంతా చెప్పారు. కానీ లోపల ఉన్నది సార్, నేను, మా జూనియర్ డాక్టరు. అత్తకు కూడా పరీక్షలని తెలుసు గానీ ఏం పరీక్షలో తెలియదు. చెవిలో నీళ్ళు పోస్తారని నర్సింగు చదవనివాళ్ళు ఊహించను కూడా ఊహించరు.

సార్‌తో చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. ముసలివాళ్ళకు చెవి లోపల తేడా వస్తే తల తిరిగి వాంతి అవుతుంది, ఆందోళనకు ఆయాసం వస్తుంది, మిగతాది నువ్వు అతికించుకున్నావు అన్నారు. "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు. ఆ మాట నిజమే. నేను సరిగ్గా నిద్రపోలేదు. అతికించుకున్నానేమో అని నేనూ ఒప్పుకున్నాను.

రెండోసారి పరీక్ష సాయంత్రం లోపల ఉంటుందన్నారు. బయటి నుంచి రావలసిన డాక్టరు ఎప్పుడు వస్తే అప్పుడు. ఈసారి నేను ఉండనని చెప్పాను. అవ్వకు నిజం చెప్పే పని ఎలాగూ నాదే. అత్తకు చెప్పి కళ్యాణదుర్గం బస్సెక్కాను, అక్కడి నుంచి షేర్ ఆటో. దారి పొడుగునా దున్ని పెట్టిన ఎర్రచేలు, ఒక్క మొలక లేదు. ఆటోలో పక్కనున్నామె వాన ఎప్పుడొస్తుందో అని నన్నే అడుగుతోంది, నాకేదో తెలిసినట్టు.

అవ్వ వాకిట్లోనే ఉంది. చేటలో కాయలు, పక్కన గింజల గంప. మొహం తేటగా ఉంది. బీపీ చూశాను, బాగానే ఉంది. కళ్ళు చూశాను, చెవుల్లో టార్చి వేసి చూశాను. చెవులు పొడిగా ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. ఇంత దూరం దేని కోసం పరిగెత్తుకొచ్చానో నాకే అర్థం కాలేదు.

"వాని కాలు ఎట్లుండాది?" అంది అవ్వ, చేతిలో కాయ చిట్లగొడుతూ.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ఫోన్ మోగింది. అత్త.

"పాపా, ఇంగొక డాక్టరు వచ్చినాడు. అందురూ లోపలికి పోయినారు. మమ్మల్ని బయట ఉండమన్నారు."

సరే అని పెట్టేశాను. అవ్వకు ఏమీ చెప్పలేదు. ఆమెకు ఎదురుగా నేలమీద కూర్చుని నేనూ కాయలు ఒలవడం మొదలుపెట్టాను. ఏమీ కాకూడదని కోరుకున్నాను. ఏదో ఒకటి అవుతుందేమో అని కూడా చూస్తున్నాను. రెండూ ఒకేసారి ఎలా కోరుకున్నానో తెలియదు.

కాసేపు ఏమీ కాలేదు. రామక్క మేకపిల్లకు ఆకు వేసి వచ్చి గడప మీద కూర్చుంది. అవ్వ కళ్ళు చికిలించింది. ఎండ అటువైపు లేదు, మేం ముగ్గురం నీడలోనే ఉన్నాం. "మళ్ళా మొదులుపెట్నారు" అని విసుక్కుంటూ చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కుడి కన్ను గట్టిగా మూసి నలుపుకుంది, ఆ తర్వాత ఎడమ కన్ను. నుదుటి కింద వేళ్ళతో నొక్కుకుని, "అబ్బా" అని మొహం చిట్లించింది. నా చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

అప్పుడు అవ్వ చెయ్యి చెవి మీదికి పోయింది. ఎడమ చెవి.

నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పొద్దున మేం మొదట పోసింది కుడి చెవిలో. రామక్క చెప్పింది కూడా కుడి చెవే. మా ఆసుపత్రిలో ఎప్పుడూ కుడి వైపు నుంచే మొదలుపెడతారు. ఎడమ చెవి పట్టుకుందంటే ఇదంతా ముసలామె జబ్బే, అక్కడి దానికీ ఇక్కడి దానికీ సంబంధం లేదు. సార్ చెప్పిందే నిజం. నేను గట్టిగా ఊపిరి వదిలాను.

అవ్వ కళ్ళు ఒక పక్కకు లాగినట్టు పోయాయి. "చల్లగుండాది, పట్టుకో పాపా, పడిపోతాండా" అని నా భుజం పట్టుకుని పక్కకు వాంతి చేసుకుంది. రామక్క నీళ్ళ చెంబు తెచ్చింది. కొంచెం తేరుకున్నాక కుడి చెవి పట్టుకుంది. తర్వాత పొడి దగ్గు, గొంతులో పుల్ల ఇరుక్కున్నట్టు.

ఆ తర్వాత అవ్వ ఊపిరి మారింది.

ముందు కొంచెం లోతుగా పీల్చింది. తర్వాత ఇంకొంచెం లోతుగా. మెడ నరాలు తేలాయి, భుజాలు పైకి లేస్తున్నాయి, ముక్కుపుటాలు ఎగరేస్తోంది. భయంతో వచ్చే ఆయాసం నేను రోజూ చూస్తాను. అది పైపైన, గబగబా ఉంటుంది. ఇది అలా లేదు. వెంటిలేటరు తీసేసినప్పుడు, లోపల ప్రాణం ఉన్న మనిషి చెడుగాలి పెరిగేకొద్దీ ఎలా పీలుస్తాడో అలా ఉంది. పొద్దున మామ రొమ్ములో నేను వెతికింది ఇదే. మామ పీల్చవలసిన ఊపిరి అవ్వ పీలుస్తోంది.

అవ్వ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను. నర్సును కదా, ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలో తోచలేదు. చాలాసేపటికి అది ఉన్నట్టుండి తగ్గింది, ఎవరో మళ్ళీ గాలి అందించినట్టు. అవ్వ నా మొహంలోకి చూసింది.

"ఎంత పీల్చినా నాకు చాలడం ల్యా పాపా. యాడికో పోతాండాది. వాడు కాలు ఇరగ్గొట్టుకోలేదు గదా?"

లేదు అవ్వా అన్నాను. అంతా చెప్పేశాను. పైపు, తల, మెదడు, అన్నీ. అవ్వ ఏడవలేదు. చేటలోని పొట్టు ఊది, "ఇంటికి తీస్కరా. ఆయప్పను పెట్నట్ల వీన్ని రోడ్డుమీద పెట్టేకి నేనొప్పను" అంది.

నేను తిరిగి ఆసుపత్రికి పోయేసరికి సార్ అత్తకు చెప్పేసి ఉన్నారు. రెండోసారీ ఏ స్పందనా లేదు. నా బదులు లోపల ఉన్న నర్సును పక్కకు పిలిచి, ఏ చెవిలో ముందు పోశారని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. కొత్తగా వచ్చిన డాక్టరు మంచానికి ఎడమ వైపున నిలబడ్డాడట, కుడి వైపున వెంటిలేటరు అడ్డం ఉందని. అందుకని ఎడమ చెవిలోనే ముందు పోశాడట.

నేను దేన్ని పట్టుకుని ఊపిరి వదిలానో అది కూడా చేతిలోంచి జారిపోయింది. నేను అవ్వకు తెలియకుండానే సైగ చేశానేమో అని ఆలోచించాను. కానీ నేను ఎదురుచూసింది కుడి చెవి. అవ్వ నన్ను చూసి చేసి ఉంటే కుడి చెవే పట్టుకునేది.

మర్నాడు పొద్దున మామను అంబులెన్సులో ఇంటికి తీసుకుపోవడానికి సార్ ఒప్పుకున్నారు. "దీని అర్థం ఏమిటో నీకు తెలుసు కదా" అన్నారు. తెలుసు. వెంటిలేటరు ఉండదు. గొట్టానికి రబ్బరు సంచి తగిలించి, దారంతా చేత్తో పిసుకుతూ గాలి పంపాలి. పిసుకుతున్నంతసేపూ గుండె ఆడుతుంది. మా లెక్కల్లో మామ నిన్ననే పోయాడు. నేను పోయిన మనిషికి గాలి కొడుతూ ఊరికి తీసుకుపోతున్నాను. లేక ఉన్న మనిషికో. అంతకుముందు ఇలా ఎందరినో పంపాను, ఎన్నడూ ఈ సందేహం రాలేదు.

పొలిమేర దగ్గర బండి ఆపారు. ఊరి పెద్ద హనుమంతప్ప, ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. అవ్వ కూడా వచ్చింది, రామక్క చేయి పట్టుకుని. అంబులెన్సు వెనక తలుపు తీశారు. హనుమంతప్ప చెడ్డవాడు కాదు. తాతను బయట పెట్టిన రోజు కూడా చివరిదాకా పక్కనే ఉన్నది ఆయనేనట. కానీ కట్టుబాటంటే ఆయనకు ప్రాణం.

"పాపా, నువ్వు సదువుకున్నదానివి. నిజం చెప్పు. ఉండాడా, పోయినాడా?"

జీవితంలో నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. పోయాడు అనాలి. రెండుసార్లు పరీక్ష చేసి తేల్చిన మాట అది. అత్త నా వైపు చూస్తోంది, కళ్ళతోనే కాళ్ళు పట్టుకుంటున్నట్టు. పోయాడు అని నోటిదాకా వచ్చిన మాట బయటికి రాలేదు. అత్త మీది జాలితో కాదు. నిన్న వాకిట్లో చూసిన దానివల్ల. ఉన్నాడు అనడానికీ నోరు రాలేదు.

"నాకు తెలీదు పెదనాయనా" అన్నాను. ఐసీయూ నర్సును అయ్యుండి ఆ మాట అనడానికి సిగ్గుపడ్డాను.

హనుమంతప్ప బండి దగ్గరికి వచ్చాడు. "దూది ఉండాదా?" అన్నాడు. ట్రేలోంచి ఇచ్చాను. ఊపిరి ఉందో లేదో చూడటానికి వాళ్ళకు తెలిసిన పరీక్ష అది. ముక్కు దగ్గర దూది పెడతారు, కదిలితే ఉన్నట్టు. ఆయన దూదిని సన్నగా పీకి, వేళ్ళ మధ్య పట్టుకుని, మామ నోట్లోని గొట్టం ముందు పెట్టాడు. సంచి పిసుకుతుంటే దూది ఎగిరిపడుతోంది.

"ఆ సంచి తీయి పాపా."

మూడోసారి. అదే పరీక్ష. ఫలితం నాకు ముందే తెలుసు. నేను సంచి ఊడదీశాను.

దూది కదల్లేదు. దూరంగా ఎవరిదో ట్రాక్టరు చప్పుడు. మామ రొమ్ము నిన్నటిలాగే బండలా ఉంది. అవ్వ అంబులెన్సు మెట్టెక్కి, స్ట్రెచర్ మీదికి వంగి, కొడుకు మొహం పక్కన మొహం పెట్టింది. ఆమె ఊపిరి మొదలైంది. ముందు లోతుగా, తర్వాత ఇంకా లోతుగా. ఈసారి ఆమె అన్నీ కళ్ళారా చూస్తోంది కాబట్టి దీన్ని నేను సాక్ష్యంగా లెక్కపెట్టను. కన్నతల్లి, కొడుకు పక్కన రొప్పింది, అంతే అనుకోవచ్చు.

దూది కదిలింది. ఆగి మళ్ళీ కదిలింది. హనుమంతప్ప దూదిని చూశాడు, అవ్వను చూశాడు. చాలాసేపు అవ్వనే చూశాడు. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో అంత దగ్గర నుంచి ఆయనకు తెలియకుండా ఉండదు.

"ఊపిరి ఉండాది" అన్నాడు. దూదిని జేబులో పెట్టుకుని పక్కకు జరిగాడు. "పోనీండి బండి లోపలికి."

నేను సంచి మళ్ళీ తగిలించి పిసకడం మొదలుపెట్టాను. మామ గడప దాటాడు. తాత కట్టిన ఇంట్లో, నడిమింట్లో చాప మీద పడుకోబెట్టాం. అత్త తలకు ఇంత నూనె రాసింది, నోట్లో ఒక చుక్క నీళ్ళు పోసింది. కాసేపటికి నా వైపు చూసి తల ఊపింది. నేను సంచి మీద నుంచి చెయ్యి తీసేసి, మెడ దగ్గర నాడి మీద వేలు పెట్టాను.

అందరూ మామను చూస్తున్నారు. నేను అవ్వను చూస్తున్నాను. ఆమె మళ్ళీ పీలుస్తోంది, భుజాలు ఎగరేస్తూ, చెమటలు కారుతూ. ఇలాగే పీలిస్తే ఈమె కూడా పోతుందని భయమేసింది. కానీ ఆపమని ఎలా చెప్పాలి, దేన్ని ఆపమని చెప్పాలి? అవ్వే కొడుకు తల నిమిరి, "చాలు, పో నాయనా" అంది. అనగానే ఆమె ఊపిరి మెల్లగా మామూలైంది. ఇంకొంచెంసేపటికి నా వేలి కింద నాడి సన్నబడి ఆగిపోయింది. అందరికన్నా ముందు అవ్వ మొహం తిప్పుకుంది.

అవ్వ ఇప్పటికీ ఉంది. బాగానే తింటుంది, కాయలు ఒలుస్తుంది, నన్ను తిడుతుంది. మళ్ళీ ఎప్పుడూ ఆమెకు అలాంటిది రాలేదు. ఆ రోజు ఏమైందవ్వా అని అడిగితే, "ఏమైతాది, చెవిలో చల్లగా ఉండె" అని వేరే మాటలోకి పోతుంది. సార్ ఇప్పటికీ కాకతాళీయమే అంటారు. నేను ఆయనతో వాదించను, ఆయన చెప్పిందానికన్నా మంచి సమాధానం నా దగ్గర లేదు. ఆ పరీక్షలు తప్పని కూడా నేను అనడం లేదు. మామ తిరిగొచ్చేవాడు కాదు. అంతవరకు నాకు అనుమానం లేదు. మిగతాదే అర్థం కాదు.

ఐసీయూలో ఆ పరీక్షలు ఇప్పటికీ చేస్తుంటారు, నేను ట్రే పట్టుకుని నిలబడుతూనే ఉంటాను. కాకపోతే లోపలికి పోయేముందు బయట కూర్చున్న చుట్టాల దగ్గరికి పోయి, ఇంటి దగ్గర పేషెంటు వాళ్ళమ్మ ఎవరైనా ఉందా అని అడుగుతాను. ఉందంటే, కాసేపు ఆమెను ఒంటరిగా వదలొద్దు, పక్కన ఎవరినైనా కూర్చోమనండి, ఒక చెంబు నీళ్ళు దగ్గర పెట్టమనండి అని చెబుతాను. ఎందుకని అడుగుతారు. ఊరికే అంటాను. జూనియర్ పిల్లలు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. నూనె సీసా నేను చూపించడం మానేసి చాన్నాళ్ళయింది.

తర్వాత లోపలికి పోతాను. సార్ టార్చి వేస్తారు, దూది తాకిస్తారు, చల్లటి నీళ్ళు పోస్తారు. నా వైపు చూసి "ఏమన్నా?" అంటారు.

"ఇక్కడ లేదు సార్" అంటాను.